ఇంటర్న్‌షిప్‌ను రెండు విడతలు చేయాలి

సంపాదకులకు నమస్కారం.

మన రాష్ట్రంలో 2020-21 విద్యా సంవత్సరం నుంచి డిగ్రీ కోర్సుల్లో 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. ఉద్దేశం మంచిదే. అయితే చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ల్యాబ్ బాధ్యతలు చూస్తున్న నాకు అది ఇప్పుడు నడుస్తున్న తీరు బాధ కలిగిస్తోంది.

తోతాపురి కాయ ఫ్యాక్టరీల ముందు బారులు తీరేది జూన్, జూలై నెలల్లో. చివరి సెమిస్టర్ విద్యార్థులు మా దగ్గరకు వచ్చేది డిసెంబరు దాటాక, యంత్రాలు ఆగిపోయి ఉన్నప్పుడు. వాళ్లకు పాత రిజిస్టర్లు నకలు చేయడం తప్ప పని దొరకదు. ఇంతకంటే ఘోరమేమిటంటే, గేటు లోపల అడుగు పెట్టకుండానే డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకునేవారూ ఉన్నారు.

1906లో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ మొదలుపెట్టిన కో-ఆప్ పద్ధతిలో కొంతకాలం తరగతి, కొంతకాలం జీతంతో కూడిన పని వంతులవారీగా నడుస్తాయి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం 1957లో ఈ పద్ధతితోనే ప్రారంభమైంది. విద్యార్థి తరగతికి వెళ్లి మళ్లీ పనికి వస్తాడు కాబట్టి, మొదటి విడతలో నేర్పడానికి పడిన శ్రమ రెండో విడతలో యాజమాన్యానికి పనిగా తిరిగి వస్తుంది.

మా ల్యాబ్ సంగతే చెబుతాను. గుజ్జులో బ్రిక్స్, అంటే కరిగి ఉన్న చక్కెర శాతం, చూడటం సులువనిపిస్తుంది గానీ, వేడి గుజ్జును చల్లార్చకుండా దాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటర్‌పై వేస్తే రీడింగ్ తగ్గుతుంది. ఆ రీడింగ్‌ను 20 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతకు సరిచేసి రాయాలి. ఆమ్లత పరీక్షలో గుజ్జు పసుపు రంగులో, పరీక్ష ముగిసిందని తెలిపే ఫినాఫ్తలీన్ ద్రావణం లేత గులాబీ రంగు తేలిగ్గా కంటికి ఆనదు, నీళ్లు కలిపి బాగా పలుచన చేసి చూడాలి. పక్కనే ఒకరు నిలబడి చూపిస్తే తప్ప ఇవి చేతికి రావు, వచ్చేసరికి సీజన్ అయిపోతుంది. అదే విద్యార్థి మరుసటి ఏడాది సీజన్‌కు మళ్లీ వస్తే, రాత్రి షిఫ్టులో నమూనాల పని నిశ్చింతగా అప్పగించవచ్చు.

డబ్బు విషయం కూడా తేలాలి. అప్రెంటిస్ చట్టం కింద 2019లో సవరించిన నిబంధనలు డిగ్రీ పూర్తిచేసిన అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయలు, డిప్లొమా వారికి 8,000 రూపాయలు నిర్ణయించాయి. జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం కింద అందులో సగం కేంద్రం భరించే ఏర్పాటు ఉంది. చదువు మధ్యలో ఇంటర్న్‌షిప్‌కు వచ్చే పిల్లలకు మాత్రం చాలాచోట్ల బస్సు చార్జీలు కూడా అందడం లేదు. గంగాధర నెల్లూరు, పూతలపట్టు వైపు నుంచి రోజూ వచ్చే పేద విద్యార్థులకు ఇది పెద్ద భారం.

కాబట్టి విశ్వవిద్యాలయ అధికారులు, పరిశ్రమల యాజమాన్యాలు ఏటా జనవరిలోనే కూర్చొని, సీజన్‌కు తగ్గట్టు రెండు వేసవుల తేదీలు ఖరారు చేయాలని, స్టైపెండ్‌ను నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో జమ చేయాలని, ఎవరి పర్యవేక్షణలో ఏ పని నేర్చుకున్నారో రోజువారీగా రాయించి, ఆ పుస్తకం చూశాకే సర్టిఫికెట్ ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ల్యాబ్ ఇన్‌చార్జి, చిత్తూరు