కత్తెర వేస్తే ల్యాగ్ పోతుందా?

సంపాదకులకు,

మీ పత్రిక సినిమా సమీక్షల్లో ఒక సలహా తరచూ కనిపిస్తోంది. సెకండాఫ్ ల్యాగ్ అయిందట, పదిహేను నిమిషాలు ట్రిమ్ చేయాల్సిందట. ల్యాగ్ అన్నంతవరకు నిజమే. కానీ ఎడిటింగ్ రూముకి వచ్చేసరికే ఆ జబ్బు ముదిరి ఉంటుంది. అది పుట్టేది సీన్ ఆర్డర్ రాసుకునే రోజున.

1979లో అమెరికన్ స్క్రీన్‌ప్లే గురువు సిడ్ ఫీల్డ్ చెప్పిన మూడంకాల లెక్క 120 పేజీల స్క్రిప్టుది. పేజీకి నిమిషం చొప్పున 30, 60, 30. మొదటి మలుపు 25–27 పేజీల మధ్య, రెండోది 85–90 మధ్య. మనకు వీటికి తోడు ఇంటర్వెల్ ఉంది. 155 నిమిషాల సినిమాలో అది ఎనభయ్యో నిమిషం దగ్గర పడిందనుకుందాం. హీరో ఎంట్రీ, పరిచయ గీతం, కామెడీ, లవ్ ట్రాక్ అన్నీ నడిపి, ముప్పయ్యో నిమిషంలో రావలసిన మొదటి మలుపుని దాచిపెట్టి ఇంటర్వెల్ బ్యాంగ్‌గా పేలుస్తారు. హాలు ఈలలతో మోగుతుంది. కథ మాత్రం అప్పుడే మొదలైంది!

మిగిలిన 75 నిమిషాలు లెక్కేయండి. ఫ్లాష్‌బ్యాక్‌కి 25, రెండు పాటలకి 8, ప్రీక్లైమాక్స్ నుంచి చివరిదాకా 20. పోగా మిగిలేది 22. హీరో పూనుకోవడం, దెబ్బ తినడం, దారి మార్చుకోవడం, అంటే గంటసేపు నడవాల్సిన రెండో అంకమంతా అందులో ఇరుక్కోవాలి. అందుకే ఒకే సెకండాఫ్ ఒకచోట సాగుతుంది, ఇంకోచోట పరుగెడుతుంది. ఇందులోంచి పదిహేను నిమిషాలు తీయమంటే, డబ్బు పోసి తీసిన పాటల మీదా ఫైట్ల మీదా చేయి వేయడం కష్టం. పోయేవి చిన్న సీన్లు: తల్లి అన్న ఒక మాట, విలన్ తమ్ముడికి కలిగిన అనుమానం. క్లైమాక్స్ ఆ మాట మీదే నిలబడి ఉంటే ప్రేక్షకుడికి ఏమీ అందదు. నిడివి తగ్గి విసుగు పెరుగుతుంది.

మలుపునీ ట్విస్టునీ సమీక్షకులు వేరుచేసి చూడాలి. విలన్ సొంత మామయ్యేనని తెలియడం సమాచారం. అది తెలిశాక హీరో నిన్నటిదాకా చేసిన పని ఇక చేయలేకపోతే, అది మలుపు. ఇప్పుడేం చేస్తాడన్న ప్రశ్న మారాలి. మారకుండా ఇరవై నిమిషాలు దాటితే, షాట్లని ఎంత చకచకా కట్ చేసినా హాల్లో ఫోన్లు వెలుగుతాయి. ప్రశ్న బతికున్నంతసేపూ మూడు నిమిషాల మౌనాన్నైనా జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. ఇంటర్వెల్‌కే హీరో పగ తీరిపోతే మరీ ప్రమాదం. కాఫీ తాగి వచ్చినవాడు దేనికోసం ఎదురుచూడాలి? ఫ్లాష్‌బ్యాక్ చిక్కూ ఇదే. ఎలా ముగుస్తుందో అందరికీ ముందే తెలుసు. తెలియని ముక్క ఒకటి దాని చివర దాచి, వర్తమానంలోకి రాగానే అది హీరో నిర్ణయాన్ని మార్చేలా రాస్తే 25 నిమిషాలూ నిలుస్తాయి. లేకపోతే 8 చాలు.

సీన్లన్నీ ఒక్కో వాక్యంలో వరుసగా రాసుకునే వన్‌లైన్ ఆర్డర్‌లో ప్రతి సీన్ పక్కనా నిమిషాలు వేసి, ప్రశ్న మారినచోట ఎర్రగీత గీస్తే కథ ఎక్కడ కూలబడిందో షూటింగ్‌కి ముందే కనబడుతుంది. పాట ఎర్రగీతకి ముందు పడితే అడ్డం, దాటాక పడితే ఊరట. ఇది మనకు పరాయి విద్యేమీ కాదు. ముఖ, ప్రతిముఖ, గర్భ, విమర్శ, నిర్వహణ అని నాటకానికి అయిదు సంధులు, అంటే కథ నడిచే అయిదు దశలు, చెప్పిన శాస్త్రం మనది. మా వడపళనిలో వాహిని స్టూడియో వెలిగిన రోజుల్లో ‘మాయాబజార్’ దర్శకుడు కె.వి.రెడ్డిగారు స్టాప్‌వాచ్‌తో సీన్ల నిడివి ముందే కొలుచుకునేవారు.

కాబట్టి ఇకమీదట మీ సమీక్షల్లో మొదటి మలుపు ఎన్నో నిమిషంలో వచ్చిందో, ఇంటర్వెల్ దగ్గర ప్రశ్న మారిందో తీరిపోయిందో రాయించండి. రచయితలకూ దర్శకులకూ పనికొచ్చేది అదే.

– ఒక ఎడిటర్, వడపళని, చెన్నై