రక్తపరీక్ష పేరుతో ఆడవాళ్లను భయపెట్టకండి

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీల్లో ‘రొమ్ము క్యాన్సర్‌కు రక్తపరీక్షతో చెక్’ అని వచ్చిన కథనం చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. అది వార్తో ప్రకటనో రెండుసార్లు చదివినా తేలలేదు. ల్యాబ్ యజమాని ఫొటో, ప్యాకేజీ ధర, అక్టోబర్ నెలంతా రాయితీ, బుకింగ్‌కు ఫోన్ నంబర్ అన్నీ ఉన్నాయి. ఒక్క క్యాన్సర్ డాక్టర్ మాట మాత్రం లేదు.

రక్తంలో ఒక పదార్థం ఎంత ఉందో చూసే సీఏ 15-3 అనే ఆ పరీక్ష రొమ్ము క్యాన్సర్‌ను ముందుగా పట్టిచ్చేది కాదు. తొలి దశలో ఉన్న చాలామందిలో అది మామూలుగానే వస్తుంది. మీ కథనం నమ్మి పరీక్ష చేయించుకుని, ‘నార్మల్’ అని చూసి, చేతికి తగులుతున్న గడ్డను వదిలేసే మనిషి గురించి ఎవరైనా ఆలోచించారా? క్యాన్సర్ లేకున్నా లివర్ జబ్బున్నవాళ్లకు, అండాశయంలో నీటి బుడగలున్నవాళ్లకు, బీ12 బాగా తగ్గి రక్తహీనత వచ్చినవాళ్లకు కూడా అది పెరగొచ్చు. మన ఇళ్లలో ఈ మూడూ లేని ఆడవాళ్లు ఎంతమంది ఉంటారు?

మా అక్కకు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ పూర్తయి, ఇల్లు తేరుకుంటున్న సమయంలో ఒక ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. క్యాన్సర్ ఫాలోఅప్ ప్యాకేజీ తీసుకోమన్నారు. ఆమె నంబర్, ఆమె జబ్బు వివరం వాళ్లకు ఎవరిచ్చారో ఈనాటికీ తెలియదు. అందులో ఈ సీఏ 15-3 కూడా ఉంది. చేయించుకుంటే రాత్రిపూట రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది. అంకె ఎర్రటి లావు అక్షరాల్లో, పక్కన ‘హెచ్’ (హై, అంటే ఎక్కువ) అని ఉంది. పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాలతో ఇంగ్లిష్‌లో, ఈ ఒక్క ఫలితాన్ని బట్టి జబ్బు నిర్ధారించరాదని రాశారు. తెలుగు మీడియంలో చదివిన మా అక్కకు ఎర్ర అంకె అర్థమైంది, ఆ వాక్యం అర్థం కాలేదు. తిండి మానేసింది. ఇంకో ల్యాబ్‌లో చేయిస్తే ఇంకో అంకె వచ్చింది. ఒకచోట 25 దాటితే ఎక్కువట, మరోచోట 31 దాకా మామూలేనట. మిషన్లు వేరు, పద్ధతులు వేరు కాబట్టి ఒక ల్యాబ్ అంకెను మరో ల్యాబ్ అంకెతో పోల్చకూడదని చివరికి మా క్యాన్సర్ డాక్టర్ చెబితే తెలిసింది. అప్పటికే గాజులు కుదువ పెట్టి, ఒళ్లంతా వెతికే పెట్ స్కాన్ చేయించాం. స్కాన్‌లో ఏమీ లేదు.

ఇది ఒక్క డాక్టర్ సొంత అభిప్రాయం కాదు. చికిత్స పూర్తయి ఏ లక్షణాలూ లేనివాళ్లకు ఈ మార్కర్లు (సీఏ 15-3 లాంటి రక్తపరీక్షలు), పెట్ స్కాన్లు, బోన్ స్కాన్లు వరసగా చేయవద్దని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఆస్కో 2012లోనే స్పష్టంగా చెప్పింది. 1994లో వెలువడిన రెండు ఇటలీ అధ్యయనాల్లో తరచూ ఎక్స్‌రేలు, బోన్ స్కాన్లు చేయించుకున్న మహిళలు మిగతావాళ్లకంటే ఎక్కువ కాలం బతికిందేమీ లేదు. మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టర్ చేత పరీక్ష, ఏడాదికోసారి మామోగ్రాం (రొమ్ము ఎక్స్‌రే), రాసిచ్చిన మాత్రలు మానకుండా వేసుకోవడం, ఒంట్లో ఏ కొత్త మార్పు కనిపించినా వెంటనే చెప్పడం. కావలసింది ఇది. దీనికి ప్యాకేజీ లేదు కాబట్టి దీని గురించి ఎవరూ ఫోన్ చేయరు.

మార్కర్ పరీక్ష పనికిరానిదని నేననడం లేదు. జబ్బు ఎముకలకో లివర్‌కో పాకినవాళ్లలో మందు పనిచేస్తోందా లేదా చూడటానికి డాక్టర్లు దాన్ని వాడతారు. అప్పుడైనా స్కాన్‌తో, రోగి పరిస్థితితో కలిపే చూస్తారు. కొత్త మందు మొదలుపెట్టిన నాలుగైదు వారాల్లో మందు పనిచేస్తున్నా అంకె పెరగొచ్చు. అంత జాగ్రత్తగా అర్థం చేసుకోవాల్సిన పరీక్షను చక్కెర పరీక్షలాగా ఇంటింటికీ అమ్మడానికి ఎవరు అనుమతిచ్చారు?

జిల్లా వైద్యాధికారులు ఏం చేస్తున్నట్టు? 2010 నాటి కేంద్ర చట్టం కింద వచ్చిన నిబంధనలు ధరల పట్టికను స్థానిక భాషలో, అందరికీ కనిపించేచోట పెట్టాలంటున్నాయి. మా వీధిలోని ల్యాబుల్లో నాకు ఒక్క తెలుగు బోర్డూ కనిపించలేదు. ధరకే దిక్కులేనప్పుడు, ఏ పరీక్ష ఎవరికి అవసరమో అడిగే నాథుడెవరు? డాక్టర్ చీటీ లేకుండా క్యాన్సర్ మార్కర్లు చేయకుండా కట్టడి చేయాలి. రిపోర్టు మీద, ఈ ఒక్క ఫలితంతో జబ్బు నిర్ధారించరాదన్న హెచ్చరికను తెలుగులో, పైన, అంకె ఎంత సైజులో ఉంటే అంత సైజులో వేయించాలి. రోగుల వివరాలు ల్యాబులకు ఎలా పోతున్నాయో విచారించాలి.

మీ పత్రికను మా నాన్నగారి కాలం నుంచి తెప్పించుకుంటున్నాం. అందుకే అడుగుతున్నాను. ఆ కథనం వేసిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాలతో, ఒక క్యాన్సర్ వైద్యుడితో సరైన సమాచారం రాయించి వేయండి. దానితోపాటు మన ఉమ్మడి జిల్లా సర్కారు దవాఖానల్లో మామోగ్రఫీ మిషన్ ఎక్కడ ఉంది, ఎక్కడ పనిచేస్తోంది, ఏ రోజుల్లో చేస్తారు అన్నది మీ విలేకరిని పంపి కనుక్కుని ప్రచురించండి.

– ఒక పాఠకురాలు, హనుమకొండ