ఇంజెక్టర్ల విషయంలో తప్పు నాదే

టర్బో కార్లకి పెద్ద ఇంజెక్టర్లు (ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మేవి) వేయించుకుందామని ఆటోనగర్‌లో మన షెడ్డుకి వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆన్‌లైన్‌లో దొరికే పేరూ ఊరూ లేని సెట్లని ఇకమీదట బెంచ్ (ఒక్కోటి ఎంత పోస్తోందో కొలిచే మెషిన్) మీద పెట్టి చూడకుండా బిగించను. మీరు తెచ్చినా అంతే, నేను తెప్పించినా అంతే.

రెండు నెలల కిందట ఒక ఫియట్ లీనియా టీ-జెట్ కారు వచ్చింది. కంపెనీ ఇచ్చింది 114 హార్స్‌పవర్, ఓనర్‌కి 160 కావాలి, బడ్జెట్ తక్కువ. డబ్బా మీద 550 సీసీ (ఒక్కోటి నిమిషానికి పోసేది) అని ఉన్న సెట్టు చవగ్గా దొరికితే వేసేశాను, మ్యాప్ (పెట్రోల్ ఎప్పుడు ఎంత పోయాలో ఇంజన్ కంప్యూటర్‌లో ఉండే లెక్క) కూడా చేయించాం. పది రోజులకి ఫోన్. సింహాచలం కొండెక్కుతుంటే ఇంజన్ టకటకమంటోందట. ప్లగ్గులు విప్పి చూస్తే మూడు లేత గోధుమ రంగులో బాగానే ఉన్నాయి. మూడో సిలిండర్‌ది మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. దానికి పెట్రోల్ చాలడం లేదు.

అప్పుడు పెట్టాను బెంచ్ మీద. 3 బార్ ఒత్తిడిలో అరనిమిషం పూర్తిగా తెరిచి ఉంచితే 550 సీసీది గాజు గొట్టంలో 275 మిల్లీలీటర్లు పోయాలి. ఒకటి 268 పోసింది. మూడో సిలిండర్‌ది 231 దగ్గరే ఆగిపోయింది. ఆక్సిజన్ సెన్సర్ నాలుగు సిలిండర్ల పొగనీ కలిపే చూస్తుంది. సగటు సరిపోతే ఈసీయూకి (ఇంజన్ కంప్యూటర్‌కి) ఏ అనుమానమూ రాదు. అలాగే బూస్ట్‌లో (టర్బో గాలి గట్టిగా నెట్టేటప్పుడు) తిప్పుతూ ఉంటే ఏదో ఒకరోజు పిస్టన్ కరిగిపోయేది. సెట్టు డబ్బులూ లేబరూ ఆయనకి తిరిగిచ్చేశాను.

అసలు ఆ బండికి 550 అక్కర్లేదు కూడా. టర్బో పెట్రోల్ ఇంజన్‌కి ఒక్కో హార్స్‌పవర్‌కి నిమిషానికి సుమారు 6.3 సీసీ పెట్రోల్ కావాలి. 160కి 1,008, నాలుగు సిలిండర్లకి పంచితే 252. ఇంజెక్టర్ 80 శాతం సమయానికి మించి తెరిచి ఉండకూడదు కాబట్టి 315. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్), దానికి ఇంకో 7, 8 శాతం కలపండి. 340 వస్తుంది, 350ది వేస్తే చాలు. ‘పెద్దది వేస్తే పోయేదేముంది అన్నా’ అని అందరూ అడుగుతారు. ఐడ్లింగ్‌లో మరీ కొద్దిసేపే తెరుచుకోవాలి, అక్కడ చవక ఇంజెక్టర్ నిలకడగా ఉండదు. ఎన్ఏడీ జంక్షన్‌లో ఏసీ వేసుకుని ఆగితే బండి వణుకుతుంది.

మరి తక్కువలో ఏం చేయాలి? పెద్ద ఇంజన్ల నుంచి తీసిన పాత బాష్ ఒరిజినల్స్ చూడండి. నాలుగు కావాలంటే ఆరు కొంటున్నాను. అల్ట్రాసోనిక్‌లో కడిగి, ఓ-రింగులూ లోపలి ఫిల్టర్లూ మార్చి, పోత దగ్గరగా ఉన్న నాలుగు ఏరుతున్నాను. పొడవు, కనెక్టర్ కలవాలి. ఓమ్‌లు (లోపలి కాయిల్ రెసిస్టెన్స్) కూడా చూడాలి. 12 ఓమ్‌లు ఉండాల్సిన చోట రెండు మూడు ఓమ్‌లవి తగిలిస్తే ఈసీయూ కాలిపోవచ్చు, అప్పుడు మిగిల్చిన డబ్బు ఎటు పోతుందో మీకే తెలుసు. డెడ్ టైమ్ (కరెంటు అందాక తెరుచుకోవడానికి పట్టే సమయం) లెక్క తెలియని ఇంజెక్టర్ అయితే అసలు వద్దు, మ్యాప్ చేసేవాడు గుడ్డిగా చేయాల్సి వస్తుంది.

టీఎస్ఐ లాంటి డైరెక్ట్ ఇంజెక్షన్ (నేరుగా సిలిండర్‌లోకే పెట్రోల్ చిమ్మే) బళ్లు నా దగ్గరికి తేకండి. వాటి ఒత్తిడి వంద బార్లు దాటుతుంది, నా బెంచ్ అంత తట్టుకోదు.

లీనియాకి వేసిన రకం సెట్లే ఇంకో మూడు బళ్లకి వేశాను. ఇద్దరు వచ్చి ఊరికే టెస్ట్ చేయించుకుని వెళ్లారు. అనకాపల్లి తెల్ల నెక్సాన్ అన్న మాత్రం ఫోన్ ఎత్తడం లేదు. అన్నా, ఇది చూస్తే యాక్సిలరేటర్ మరీ తొక్కకుండా మెల్లగా వచ్చేయండి. ఆదివారం కూడా షెడ్డు తీసే ఉంటుంది.