సరితకు బాపు ఉత్తరం

హన్మకొండ

బిడ్డా సరితా,

ఇక్కడ అందరం క్షేమం. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వేసి వచ్చాం. మీ అమ్మ సకినాలకు బియ్యం నానబోసింది, నీ డబ్బాలో ఉప్పు తగ్గించమన్నాను. ఫోన్ చేస్తే ఎత్తవు, "బాగున్నా బాపూ" అని మెసేజ్ పెడతావు. మొన్న కాజీపేట పెళ్లిలో మీ ఆడబిడ్డ కలిసింది. కడుపులో బిడ్డకు మంచిది కాదని నువ్వు గుండె మాత్ర మానేశావంది. నేను నమ్మలేదు.

బోరు మోటరు బాగు చేయించాం. శంకర్‌కు కూడా మాత్ర నడుస్తోంది, ఒక్క పూట తప్పడు.

పరకాల అత్త సంగతి నీకు పూర్తిగా తెలియదు. ఏడో నెలలో సద్దుల బతుకమ్మ నాడు ఉపవాసముండి, నీళ్లు కూడా తాగకుండా ఆడింది. ఆడుతూనే కళ్లు తిరిగి పడిపోయింది. దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు, మా అమ్మ అయితే మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. కాన్పు బాగానే అయింది. రెండో రాత్రి ఆయాసం మొదలై, పడుకుంటే ఊపిరాడక తెల్లార్లూ గోడకు ఆనుకొని కూర్చుంది. ఎట్లనో బతికింది. ఏళ్ల తర్వాత శంకర్ కబడ్డీలో పడిపోతే గుండెకు ఎకో స్కానింగ్ తీసి, గుండె కండరం మందంగా ఉందన్నారు. వరుసగా అందరం తీయించుకుంటే అత్తకు, నాకు, నీకు కూడా అదే తేలింది. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. అందుకే పుట్టే బిడ్డ సంగతి కూడా డాక్టర్‌కు ముందే చెప్పి ఉంచు.

నెలలు నిండేకొద్దీ ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుందట, ఆ బరువంతా గుండెదే. కొన్ని మాత్రలు కడుపుతో ఉన్నవాళ్లకు పనికిరావు, నిజమే. అటెనొలాల్ అయితే బిడ్డ బరువు తగ్గుతుందని మారుస్తారు, మెటొప్రొలాల్ అయితే చాలామందికి కొనసాగిస్తారు. ఆ మార్చేది డాక్టర్, ఆడబిడ్డా కాదు, పక్కింటామె కాదు. మానేసి ఉంటే ఇవాళే ఫోన్ చేసి చెప్పు, నిన్నెవరూ ఏమీ అనరు. ఉపవాసాలు వద్దు. నీళ్లు తాగు. వెల్లకిలా పడుకోకు, ఎడమ పక్కకు తిరుగు. కళ్లు తిరిగినా, గుండె దడదడలాడినా, మెట్లెక్కితే ఆయాసమొచ్చినా పొద్దుటి దాకా ఆగొద్దు. కాన్పు గుండె డాక్టర్ కూడా ఉండే పెద్దాసుపత్రిలోనే పెట్టుకో. అయ్యాక ఒకటి రెండు రోజులు గట్టిగా కనిపెట్టుకొని ఉండాలట. అప్పుడు మీ అమ్మ నీ దగ్గరే ఉంటుంది, అల్లుడితో మాట్లాడాను.

ఉపన్యాసం ఇవ్వొద్దనుకునే కూర్చున్నాను బిడ్డా. మాత్ర అట్ట ఫోటో తీసి పంపు, పేరు, డోసు కనబడేట్టు. పోయినసారి ఎకో రిపోర్టు కూడా. సకినాలు శంకర్‌తో పంపిస్తున్నా, వాడు వచ్చినప్పుడన్నా తలుపు తీయి.

మీ బాపు