హీటరు చెడింది నీటి వల్లనే, మరి ఆ నీటిని చూసుకున్నది ఎవరు?

కొంపల్లి, హైదరాబాదు
12 మే 2025

సర్వీసు విభాగం మేనేజరు గారికి,

విషయం: హాట్ టబ్ హీటరుకు వారంటీ నిరాకరించడం, వార్షిక నిర్వహణ ఒప్పందంలో సేవా లోపం

అయ్యా,

ఏప్రిల్ 21న మీరు పంపిన రెండు వాక్యాల జవాబు అందింది. "నీటి నాణ్యత సరిగా లేనందున హీటరు పాడైంది. కనుక వారంటీ వర్తించదు" అని రాశారు. మొదటి వాక్యంతో నాకు పేచీ లేదు. నీళ్లు బాగాలేని మాట నిజమే. కానీ ఆ నీళ్లను బాగుగా ఉంచుతామనే కదా ఏడాదికి 36,000 రూపాయలు తీసుకున్నారు! కూర మాడబెట్టిన వంటమనిషే వచ్చి, మాడిన కూరకు నా పూచీ లేదన్నట్టుంది మీ రెండో వాక్యం.

జరిగినదంతా మీ కాగితాల్లో ఉండదు కాబట్టి నేనే రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

2024 మార్చిలో మీ దగ్గర నలుగురు కూర్చునే, 1,200 లీటర్లు పట్టే టబ్బు కొన్నాం. (చుట్టుపక్కల అందరూ దాన్ని జకూజీ అనే అంటారు, మీది ఆ కంపెనీ కాకపోయినా.) అది విలాసానికి కొన్నది కాదు. మా వారికి మోకాళ్లు అరిగాయి. గోరువెచ్చని నీళ్లలో రోజూ ఇరవై నిమిషాలు కాళ్లు ఆడించమని ఫిజియోథెరపిస్టు చెప్పారు. నిజం ఒప్పుకోవాలి, రెండు నెలలకల్లా ఆయన రెయిలింగు పట్టుకోకుండా మెట్లు దిగారు. అందుకే ఇంత చిరాకు పడుతూ కూడా ఆ టబ్బును అమ్మేయాలని అనుకోవడం లేదు.

బిగించిన రోజునే నేనొక ప్రశ్న అడిగాను. మాకు రోజు విడిచి రోజు జలమండలి నల్లా వస్తుంది, బోరు కూడా ఉంది, దేనితో నింపాలి అని. మా బోరు నీళ్లలో కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గీజరు ఎలిమెంటు ఏడాదికొకటి మార్చాల్సిందే అని కూడా చెప్పాను. "ఏ నీళ్లయినా ఒకటేనమ్మా, మందు వేస్తాం కదా" అన్నాడు మీ టెక్నీషియన్. నింపింది బోరు నీళ్లతోనే. తరువాత నీళ్లు ఆవిరై తగ్గినప్పుడల్లా కలిపిందీ అవే.

మీరు టబ్బుతో ఇచ్చిన పుస్తకాన్ని నేను ఆ రోజు చదవలేదు. అది నా తప్పు. హీటరు పోయాక చదివాను. 31వ పేజీలో కాఠిన్యం (నీళ్లలో కరిగిన సున్నం, అంటే కాల్షియం వంటివి) 150 నుంచి 250 పీపీఎం (లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు), క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) 80 నుంచి 120, పీహెచ్ (నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలని మీరే అచ్చు వేశారు. బోరు నీళ్లు పరీక్షకు ఇస్తే కాఠిన్యం 640, క్షారత 410 అని వచ్చింది. తాగే నీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం 200 దాకా ఉంటే మంచిది, వేరే దిక్కు లేకపోతే 600 వరకు సర్దుకోవచ్చు. అంటే తాగడానికే పనికిరాని నీళ్లను మీ మనిషి 38 డిగ్రీలకు కాచే యంత్రంలో పోయించాడు. టబ్బులోని నీళ్లను కూడా పరీక్ష చేయించాను. వాటి కాఠిన్యం 910. నీళ్లు ఆవిరైపోతాయి గానీ అందులోని సున్నం ఎక్కడికీ పోదు. పైనుంచి మళ్లీ బోరు నీళ్లే కలుపుతుంటే అది పేరుకుంటూ పోతుంది.

చక్కెర వేడి నీళ్లలో ఇట్టే కరుగుతుంది. సున్నం తీరు తలకిందులు, వేడెక్కిన కొద్దీ నీళ్లను వదిలి బయటికి వచ్చేస్తుంది. టబ్బు మొత్తంలో అన్నిటికన్నా వేడిగా ఉండేది హీటరు ఎలిమెంటు కాబట్టి ముందు అక్కడే అంటుకుంటుంది. మార్చి 28న మీ మనిషి హీటరు గొట్టం విప్పినప్పుడు పక్కనే నిలబడి చూశాను. వేలంత లావుండాల్సిన ఎలిమెంటు మొక్కజొన్న కంకి అంత అయింది. స్క్రూడ్రైవరుతో తడితే కోడిగుడ్డు పెంకులాంటి పెచ్చులు రాలాయి, వాటి కింద లోహం నల్లగా కాలి చీలిపోయి ఉంది. ఆ ఎలిమెంటును పాత దినపత్రికలో చుట్టి దాచాను. ఫొటోలు ఈ లేఖతో పంపుతున్నాను, అసలుది ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు.

ఇక మీ సర్వీసు చీటీల సంగతి. నెలకు రెండు చొప్పున ఏడాదికి 24 చీటీలు. వాటిలో 21 చీటీల మీద పీహెచ్ 7.4 అని ఉంది. మిగతా మూడింటిలో ఆ గడి ఖాళీ. ఎండాకాలంలో 7.4, వానాకాలంలో 7.4, సంక్రాంతికి మనవలు, మేనకోడళ్లు అంతా కలిసి రెండు రోజులు టబ్బును వదలకుండా ఉన్నప్పుడు కూడా 7.4! మా వారి రక్తపోటు కూడా ఇంత నిలకడగా ఉంటే బాగుండును.

జనవరి మూడో వారంలో అనుమానం వచ్చి చుక్కల మందు వేసి చూసే పరీక్ష పెట్టె కొన్నాను. జనవరి 25 ఉదయం మీ సర్వీసు అబ్బాయి 7.4 అని రాసి వెళ్లాడు. ఆ సాయంత్రం నేను చూస్తే 8.2. మర్నాడు 8.2, ఆ మర్నాడు కూడా అంతే. అప్పటి నుంచి వంటింటి క్యాలెండరులో తిథి పక్కన, పాలు రాని రోజుకు గుర్తు పెట్టుకునే గడిలోనే, పీహెచ్ రాస్తున్నాను. ఆ పేజీల నకళ్లు కూడా జత చేశాను. మీ చీటీలో కాఠిన్యానికీ క్షారతకూ అసలు గడులే లేవు. చూడమని మీరు చెప్పనిదాన్ని ఆ అబ్బాయి ఎలా చూస్తాడు?

నేను ఫోను చేస్తే అతను వచ్చి పీహెచ్ తగ్గించే పొడి వేసేవాడు. రెండు రోజుల్లో అది మళ్లీ ఎక్కేది. ఎందుకో ఇప్పుడు తెలిసింది. క్షారత అంత ఎక్కువగా ఉన్న నీళ్లలోకి జెట్లు బుడగలు కొడుతుంటే, సోడా మూత తీసినప్పుడు గ్యాసు పోయినట్టు కార్బన్ డయాక్సైడు పోతూనే ఉంటుంది, అది పోయిన కొద్దీ పీహెచ్ పెరుగుతుంది. ముందు క్షారతను దించాలి, తరువాతే పీహెచ్. ఈ వరుస కూడా మీ పుస్తకంలోనే ఉంది. పైగా అతను వాడిన క్లోరిన్ కాల్షియం హైపోక్లోరైట్ గుళికలు. పెద్ద ఈత కొలనుకు అది చెల్లుతుందేమో గానీ, సున్నంతో గడ్డకట్టిన మా నీళ్లలో మరింత కాల్షియం వేయడం ఏమి వైద్యం?

పీహెచ్ గురించి ఇంతగా చెప్పడం హీటరు కోసం మాత్రమే కాదు. 7.5 దగ్గర క్లోరిన్‌లో దాదాపు సగం క్రిములను చంపే రూపంలో ఉంటుంది. 8 దాటితే అది నాలుగో వంతు కూడా ఉండదు. క్లోరిన్ వాసన గుప్పుమంటున్నా పని జరగదు. హాట్ టబ్బులో క్లోరిన్ కనీసం 3 పీపీఎం, పీహెచ్ 7.8కి లోపల, వేడి 40 డిగ్రీలకు మించకుండా ఉండాలని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. మా ఇంట్లో ఏమైందంటే, కనుమ మర్నాటికి ముగ్గురు పిల్లలకు నడుము చుట్టూ, తొడల మీద, తడి బట్ట అంటుకుని ఉన్న చోటల్లా ఎర్రటి పొక్కులు లేచాయి. చర్మవైద్యురాలు చూడగానే అడిగిన మొదటి ప్రశ్న, "వేడి నీళ్ల టబ్బులో గానీ దిగారా?" సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పని అన్నారు. వారంలో తగ్గిపోయింది, అదృష్టం. నా కూతురు మాత్రం ఆ రోజు నుంచి పిల్లల్ని టబ్బు దగ్గరికి రానివ్వడం లేదు.

ఇదే విషయం ఫోనులో చెబితే మీ కాల్ సెంటరు అమ్మాయి "వాతావరణం మార్పు వల్ల కావచ్చు మేడం" అంది.

ఒప్పందం ప్రకారం మూడు నెలలకోసారి నీళ్లు పూర్తిగా మార్చాలి. ఏడాదిలో మార్చింది ఒక్కసారే, జులైలో. ఫిల్టరు సంగతి తలచుకుంటే ఇంకా నవ్వు వస్తుంది. ఫిబ్రవరిలో మీ అబ్బాయి దాన్ని మా పనిమనిషి దగ్గర బట్టల సబ్బు పొడి అడిగి తీసుకుని ఉతికాడు. మడతల్లో దాగిన ఆ సబ్బు, జెట్లు వేయగానే గట్టు దాటి గచ్చు మీదికి మూరెడెత్తు నురగై పారింది. ఇంతా చేసి ఆ అబ్బాయిని నేను తప్పుపట్టడం లేదు. రోజుకు పది ఇళ్లు తిరుగుతానన్నాడు, భోజనం స్కూటరు మీదే. పని నేర్పించారా అని అడిగితే "చూసి నేర్చుకున్నానమ్మా" అన్నాడు. ఈ లేఖ చూసి అతని జీతంలో కోత పెడితే మాత్రం ఊరుకోను, మీరు నేర్పని పనులే అతను చేయలేకపోయాడు.

మీ జవాబు వచ్చాక నేనే పనికి పూనుకున్నాను. గొట్టాలు శుభ్రం చేసే మందు వేసి గంటసేపు జెట్లు తిప్పాను. రంధ్రాల్లోంచి నల్లటి, జిగట పాచి పొరలు తడిసిన తేయాకు ముక్కల్లా తేలి వచ్చాయి. నీళ్లన్నీ వదిలేసి, రెండు విడతల్లో నల్లా నీళ్లు పట్టి నింపాను. వాటి కాఠిన్యం 160. ఒక సాయంత్రం క్షారత 100కు తెచ్చాను, మర్నాడు పీహెచ్ 7.5కు, ఆ తరువాత క్లోరిన్. ఏప్రిల్ 27 నుంచి క్యాలెండరులో 7.4, 7.6 మధ్యనే ఉంది. రోజుకు ఐదు నిమిషాలు పడుతోంది, అంతే. ఎండలు మండుతున్నాయి కాబట్టి హీటరు లేకపోయినా ఇప్పటికి నీళ్లు గోరువెచ్చగానే ఉంటున్నాయి. జూన్‌లో వానలు మొదలైతే మా వారికి మళ్లీ మెట్ల దగ్గర రెయిలింగే గతి.

నేను అడిగేది ఇది. హీటరుకు మీరు వేసిన 41,000 రూపాయల అంచనా రద్దు చేసి, వారంటీ కిందే కొత్తది బిగించండి. అది బిగించే ముందు గొట్టాల్లోనూ పంపులోనూ మిగిలిన సున్నం తీయించండి, లేకపోతే కొత్తదానికీ అదే గతి పడుతుంది. జరగని మూడు నీటి మార్పిళ్లకూ, పరీక్ష చేయకుండా రాసిన చీటీలకూ 36,000లో సగమైనా తిరిగి ఇవ్వండి. ఒప్పందాన్ని పొడిగించమని నన్ను అడగకండి. నీళ్లు నేను చూసుకుంటాను.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 చట్టం ప్రకారం నేను ఉంటున్న చోటే ఫిర్యాదు చేయవచ్చు కాబట్టి, మీ ప్రధాన కార్యాలయం ఏ ఊళ్లో ఉన్నా నాకు ఇబ్బంది లేదు. చీటీలు, క్యాలెండరు పేజీలు, పరీక్ష నివేదికలు, ఎలిమెంటు, వైద్యురాలి చీటీ అన్నీ ఒకే సంచిలో పెట్టి ఉంచాను.

ఒక్కటి మాత్రం 15 రోజులు ఆగదు. మార్చిలో మీ అబ్బాయి ఎవరిదో ఈత కొలనుకు వాడే ట్రైక్లోర్ (మరో రకం క్లోరిన్ మందు) బిళ్లల డబ్బా "రేపు తీసుకెళ్తానమ్మా" అని మా షెడ్డులో పెట్టాడు. దాని పక్కనే కాల్షియం హైపోక్లోరైట్ సంచి, రెండింటికీ ఒకటే ప్లాస్టిక్ గరిట. ఆ రెండూ కలిస్తే మంటలు లేస్తాయని డబ్బా మీదే రాసి ఉంది. గరిట పారేశాను, సంచిని మేడ మీదికి మార్చాను. ఆ డబ్బాను రేపే మనిషిని పంపి తీసుకెళ్లండి. ఉదయం పది దాటాక ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
మీ వినియోగదారురాలు

జతపరిచినవి: సర్వీసు చీటీల నకళ్లు 24, నీటి పరీక్ష నివేదికలు 2, క్యాలెండరు పేజీల నకళ్లు, ఎలిమెంటు ఫొటోలు, వైద్యురాలి చీటీ నకలు, ఒప్పందం నకలు