ఎలుకలకు పిట్టల పంజరం అంటగట్టకండి

సంపాదకులు గారికి నమస్కారం.

వేసవి సెలవుల్లో మా అమ్మాయి పట్టుబట్టి రెండు తెల్ల ఎలుకల్ని కొనిపించుకుంది. ఇక్కడే విజయవాడలో, కుక్కపిల్లలూ చేపలూ అమ్మే ఒక దుకాణంలో. "ఎలుకలు పోవడానికి బోను కొంటారు గానీ ఎలుకలు ఉండటానికి బోను కొనడం ఇప్పుడే చూస్తున్నా" అన్నారు మా అత్తగారు. ఎలుకల్ని పెంచాలా వద్దా అన్నది ఎవరింటి సంగతి వాళ్లది. పెంచుదామని వెళ్లినవాళ్లకు దుకాణంలో ఇస్తున్న పంజరం గురించే నా గోలంతా.

మాకిచ్చింది లవ్‌బర్డ్స్ పంజరం. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, రెట్ట కింది ట్రేలో పడాలని అడుగు భాగం కూడా తీగలే. పిట్టయితే కర్ర మీద కూర్చుంటుంది, ఎలుక మాత్రం తిన్నా తిరిగినా పడుకున్నా ఆ తీగల మీదే. కొన్ని వారాలకే ఒకదాని పాదం కింద ఎర్రగా వాచి పుండు పడింది. రెండోదాని కళ్ల చుట్టూ ఎర్రటి తడి చూసి రక్తం కారుతోందని ఇంటిల్లిపాదీ టెన్షన్ పడి పశువుల డాక్టరు గారి దగ్గరికి పరిగెత్తాం. అది రక్తం కాదు, కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే రంగు, జబ్బు చేసినా బెదిరి ఉన్నా అలా కారుతుంది, పుండుకు మందిస్తాను గానీ ముందు వాటి ఇల్లు మార్చండమ్మా అన్నారాయన.

అప్పుడు మొదలైంది నా చదువు. ఎలుకలు పెంచేవాళ్లలో ఎక్కువమంది చెప్పే లెక్క, ఒక్కోదానికి కనీసం 2 ఘనపుటడుగుల చోటు. మా పంజరం మొత్తం కలిపితే ఒకటిన్నర, అందులో రెండు ప్రాణులు! పోనీ ఒక్కదాన్నే పెంచుదామా అంటే ఎలుక ఒంటరిగా ఉండలేదు, తోడు కావాల్సిందే. ఆ తోడు ఆడదానికి ఆడది, మగదానికి మగది అయ్యేలా చూసుకోవాలి, లేదంటే 22 రోజులకు ఏ పంజరమూ చాలదు.

పాత చేపల తొట్టి ఇస్తాం, అందులో పెట్టుకోండి అన్నారు పక్కింటివాళ్లు. నాలుగు వైపులా అద్దం, గాలి ఆడదు, మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా అక్కడే నిలిచిపోతుంది. మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి చాలా పెంపుడు ఎలుకల ఊపిరితిత్తుల్లో ముందే ఉంటుందట, ఈ ఘాటు తగిలితే అది విజృంభించి తుమ్ములు, గురక, ఆయాసం మొదలవుతాయి. అందుకే వద్దన్నాం. దోమల కాయిల్, అగరొత్తుల పొగ కూడా ఇప్పుడు ఆ గదిలో బంద్.

చివరికి గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపుకు వెళ్లి చెప్పి చేయించుకున్నాం. రెండున్నర అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, మూడడుగుల ఎత్తు, మధ్యలో ఒక అంతస్తు. తీగల మధ్య సందు అరంగుళం దాటొద్దన్నాం, ఎందుకంటే తల పట్టిందంటే మిగతా ఒళ్లూ పట్టినట్టే. మామూలు జీఐ మెష్ (జింకు పూత పూసిన ఇనుప జాలీ) మూత్రం వాసన పట్టేసి తుప్పెక్కుతుందని పౌడర్ కోటింగ్ వేయించాం. ప్లాస్టిక్ అంచులు పెట్టొద్దని నేను ఒకటికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, జీవితాంతం పెరిగే పళ్లు వాటివి, కొరికి అవతల పారేస్తాయి. చీమలు పట్టకుండా, పూర్వం పాలూ పెరుగూ పెట్టే గూటికి చేసినట్టు, కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాం. ఆ నీళ్లు రోజూ మార్చకపోతే దోమలు చేరతాయి, అదో పని.

అడుగున కోత మిల్లు నుంచి తెచ్చిన రంపపు పొట్టు పోయొద్దు, ఆ దుమ్ము వాటి ఊపిరితిత్తులకు పడదు, దేవదారు లాంటి ఘాటైన చెక్క పొట్టయితే మరీ చేటు. మేం చింపిన కాగితం పరుస్తున్నాం, ఎక్కువగా మీ పేపరే, ఏమనుకోకండి (సిరా అంటి వాటి పొట్టలు కాస్త బూడిద రంగుకు తిరిగాయి). పాత చీర ముక్కతో ఉయ్యాల కట్టాం, పగలంతా అందులోనే ఒకదాని మీద ఒకటి పడి నిద్ర. దారాలు లేచే తువ్వాలు మాత్రం వాడొద్దు, గోళ్లకు చిక్కుకుంటాయి.

మా ఊరి ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ఎలుకకు మనలా చెమట పట్టదు, ఒంట్లో వేడి బయటికి పోవడానికి తోక ఒక ముఖ్యమైన దారి, 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం, ఇక్కడ 40 మామూలే. కాబట్టి బాల్కనీ మాట మర్చిపోండి, పైగా అక్కడికి రాత్రిళ్లు వీధి ఎలుకలు వచ్చి రోగాలు అంటిస్తాయి. లోపలి గదిలో, ఎండ పడని మూల, మూతి వెడల్పున్న మట్టికుండ ఒకటి పక్కకు వాల్చి పెడితే మధ్యాహ్నాలు రెండూ అందులోకే దూరుతున్నాయి.

ఇక దుకాణాల సంగతి. కదలడానికి చోటు లేని పంజరంలో జంతువును ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారమే నేరం. 2018లో పెట్ షాపులకు వేరే నిబంధనలు వచ్చాయి, వాటిలో కుక్క, పిల్లి, కుందేలుతో పాటు ఎలుకలూ ఉన్నాయి. నేను వెళ్లిన దుకాణంలో ఒకే పంజరంలో పాతిక దాకా తెల్ల ఎలుకలు, ఆడామగా తేడా లేకుండా, ఒకదాని మీద ఒకటి! తనిఖీకి ఎవరైనా వస్తారా అనడిగితే అబ్బాయి నవ్వాడు.

అధికారులు ఒకసారి అటు వెళ్లి చూస్తే బాగుండు. దుకాణాల వాళ్లు పెద్ద పంజరాలు పెట్టడానికి చోటు లేదంటారా, సరే, కొనేవాళ్లకు కొలతలు చెప్పండి, ఏ వెల్డింగ్ షాపులోనో మేమే చేయించుకుంటాం. మీ పిల్లల పేజీలో ఎప్పుడైనా చోటుంటే ఆ కొలతలు అచ్చేయండి, ఈ సెలవుల్లో కొనిపించుకునే పిల్లలు మా అమ్మాయి ఒక్కతే అయి ఉండదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విజయవాడ