పేస్‌మేకర్ లీడ్ ఎక్కడ పెట్టారో రోగికి రాసివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

గుండె బలహీనపడ్డవాళ్లకు పేస్‌మేకర్ పెట్టించేటప్పుడు మన దగ్గర అందరూ అడిగేది రెండే, ఏ కంపెనీది, ఎంతవుతుంది. లీడ్‌ను, అంటే ఆ మెషీన్ నుంచి గుండెలోకి వెళ్లే వైరును, లోపల ఏ చోట పెడుతున్నారని అడిగేవాళ్లు లేరు, అడక్కుండా చెప్పే డాక్టర్లూ తక్కువే. ఆపరేషన్ తర్వాత మనిషి ఆయాసం లేకుండా నాలుగడుగులు వేయగలడా లేదా అన్నది చాలావరకు ఆ చోటును బట్టే ఉంటుంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఏళ్ల తరబడి లీడ్‌ను గుండె కుడివైపు కింది గది చివర పెడుతూ వచ్చారు. పెట్టడం తేలిక, గట్టిగా నిలబడుతుంది. కానీ అక్కడ మొదలైన కరెంటు గుండెకున్న సొంత దారిలో కాకుండా కండ గుండా మెల్లగా పాకుతుంది, ఎడమ గోడ ఆలస్యంగా ముడుచుకుంటుంది. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి ముందు, ఒకటి వెనక లాగితే బండి ఎలా నడుస్తుందో గుండె అలా నడుస్తుంది. గుండె పంపింగ్ తగ్గినవాళ్లలో కుడి గదిని ఇలా ఎక్కువగా కొట్టించడం మంచిది కాదని 2002లో వచ్చిన డేవిడ్ అనే అధ్యయనమే చూపించింది.

దీనికి పరిష్కారంగా వచ్చిందే సీఆర్‌టీ. ఇందులో ఎడమ గోడ మీదికి కూడా ఒక లీడ్ వెళ్తుంది, రెండు గోడలూ కలిసి కొట్టుకుంటాయి. దీనివల్ల నిజంగా కోలుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. అయినా ఇది పెట్టించుకున్న ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరికి ఆశించిన మేలు కనబడదు, దానికున్న ముఖ్య కారణాల్లో లీడ్ చోటు ఒకటి. ఈ లీడ్ గుండె మీది సిర లోంచి వెళ్లాలి, సిర ఎటు ఉంటే అటే పోతుంది. కావాల్సిన చోట సిర లేకపోవచ్చు, పాత హార్ట్ ఎటాక్‌తో అక్కడి కండ చచ్చిపోయి ఉండొచ్చు, పక్కనున్న నరానికి కరెంటు తగిలి పొట్ట ఎగిరెగిరి పడొచ్చు. 2012లో ఇంగ్లండ్ డాక్టర్లు టార్గెట్ అనే అధ్యయనంలో 220 మందిని తీసుకుని, సగం మందికి ముందే ఎకోలో ఏ భాగం అన్నిటికన్నా ఆలస్యంగా కదులుతోందో చూసి, చచ్చిన కండను తప్పించి లీడ్ పెట్టారు. వాళ్లలో 70 శాతం మందికి గుండె మెరుగుపడింది, మామూలుగా పెట్టినవాళ్లలో 55 శాతం మందికే. కొత్త మెషీన్ ఏమీ కాదు, ముందుగా చూసుకోవడం, అంతే.

ఇప్పుడు ఇంకో పద్ధతి కూడా ఉంది. 2017లో చైనాలోని వెన్‌జౌ డాక్టర్లు రెండు కింది గదుల మధ్య గోడలోకి లీడ్‌ను స్క్రూలా తిప్పి, ఎడమవైపు సొంత కరెంటు దారి దగ్గరికే చేర్చారు. మన పక్కన మదురై డాక్టర్లు కూడా దీని మీద చాలా పని చేశారు. సీఆర్‌టీ కంటే ఇదే మేలని తేల్చే పెద్ద అధ్యయనాల ఫలితాలు ఇంకా రావాలి, కాబట్టి అందరికీ ఇదే పెట్టమని నేననడం లేదు. సిర కుదరనప్పుడు ఈ దారి ఉందని రోగికి చెప్పమంటున్నాను.

మా నాన్నకు పేస్‌మేకర్ పెట్టాక చేతికి ఒక కార్డు ఇచ్చారు. మోడల్, సీరియల్ నంబర్, తేదీ ఉన్నాయి, లీడ్ ఎక్కడుందో లేదు. ఆయాసం తగ్గక వేరే ఊళ్లో చూపిస్తే అక్కడి డాక్టరు మొదట అడిగింది అదే. మళ్లీ ఎక్స్‌రే, మళ్లీ ఈసీజీ, మళ్లీ టెన్షన్.

నేను అడిగేది పెద్ద ఖర్చు పనేమీ కాదు. లీడ్ ఏ చోట ఉంది, ఈసీజీలో క్యూఆర్ఎస్ వెడల్పు, అంటే కింది గదులంతటా కరెంటు పాకడానికి పట్టే సమయం, ఆపరేషన్‌కు ముందెంత, తర్వాతెంత, ఈ మూడూ డిశ్చార్జ్ సమ్మరీలో తప్పనిసరిగా రాయాలి. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ క్లెయిములకు ఎలాగూ రిపోర్టులు పెడతారు, వాటిలో ఆపరేషన్ తర్వాతి ఈసీజీ, రెండు వైపుల నుంచి తీసిన ఎక్స్‌రే కూడా అడగాలి. నిమ్స్, స్విమ్స్ లాంటి చోట్ల జిల్లా డాక్టర్లకు, క్యాత్ ల్యాబ్ టెక్నీషియన్లకు ఈ పనిలో శిక్షణ ఇప్పించాలి. రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ దీని మీద ఏమంటాయో మీ పత్రిక తరఫున అడిగి రాయండి.

– ఒక పాఠకురాలు, ఖమ్మం